నాలుగేళ్లు నిండిన పిల్లలకు ఇల్లు ఏమివ్వాలి, జతగాళ్లు ఏమిస్తారు

మా ఊరు భూదాన్ పోచంపల్లికి దగ్గర. వీధిలో అడుగు పెడితే రెండు వైపులా మగ్గాల చప్పుడు. ఇక్కడి అంగన్‌వాడీ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా టీచరుగా పనిచేస్తున్నాను. మూడేళ్లకు మా దగ్గరకు వచ్చిన పిల్లలు ఐదారేళ్లకు బడికి వెళ్లిపోతారు. మూడేళ్ల పిల్ల నా కొంగు పట్టుకుని తిరుగుతుంది. ఐదేళ్ల పిల్ల నా వైపు చూడనే చూడదు, పక్క పిల్ల ఏమంటున్నదో చూస్తుంది. ఈ మార్పు వచ్చిన దగ్గర నుంచి ఆరు నిండేదాకా తల్లిదండ్రులు ఏమి చేయాలన్నదే ఇక్కడ రాస్తున్నాను.

తల్లులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "టీచరమ్మా, అక్షరాలు ఎప్పుడు నేర్పుతారు?" నేను తిరిగి అడిగేది, "నిన్న సాయంత్రం మీ పాప ఎవరితో ఆడింది? ఏమి మాట్లాడింది?" చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఇన్నేళ్లలో నాకు స్పష్టమైన విషయం ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల కోసం దిగి వస్తారు. పాప "అది" అని వేలు చూపగానే గ్లాసు చేతికి అందుతుంది. ఐదేళ్ల జతగాడు అలా దిగి రాడు. "ఏది?" అంటాడు, లేదా వినిపించుకోకుండా తన పని తాను చేసుకుంటాడు. అప్పుడు పాప "ఆ నీలం కండె నాకివ్వు, దారం నేను చుడతాను, తర్వాత నువ్వు చుట్టు" అని నిండుగా చెప్పాల్సి వస్తుంది (కండె అంటే దారం చుట్టే చిన్న గొట్టం). అంత నిండు మాట ఇంట్లో ఎవరో ఒకరు ఆ పాపతో రోజూ నిండుగా మాట్లాడి ఉంటేనే వస్తుంది. మాట ఇంట్లో పుడుతుంది, దానికి పని తోటిపిల్లల మధ్య పడుతుంది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా రెండోది సగం వృథా అవుతుంది.

ముందుగా ఒక వారం గమనించండి

ఒక పాత నోటు పుస్తకం తీసుకోండి. వారం రోజులు, రాత్రి పడుకునే ముందు, మూడు విషయాలు రాయండి. ఈ రోజు పిల్లతో మేము ఏమేమి మాటలు అన్నాం. ఇంటి పిల్లలు కాకుండా బయటి పిల్లలతో ఎంతసేపు ఆడింది. ఫోను, టీవీ ముందు ఎంతసేపు కూర్చుంది.

మొదటిది ఎందుకు రాయమంటున్నానో చెబుతాను. మా వీధిలో ఒక కుటుంబం ఉంది. తండ్రి మగ్గం మీద, తల్లి రాట్నం దగ్గర, రోజంతా ఇద్దరూ ఇంట్లోనే. ఐదేళ్ల బాబు కళ్ల ముందే తిరుగుతుంటాడు. "మా వాడు ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండడు" అని వాళ్ల ధీమా. కానీ కేంద్రంలో ఆ బాబు రెండు ముక్కల మాట తప్ప మాట్లాడేవాడు కాదు, ఏదైనా కావాలంటే లాక్కునేవాడు. తల్లిని నాలుగు రోజులు రాయమన్నాను. ఆమె తెచ్చిన కాగితంలో ఉన్న మాటలు ఇవి: తిను, లే, పక్కకు జరుగు, దారం తెంపకు, ఏడవకు, అన్న దగ్గరకు పో. ఆ కాగితం చూసి ఆమే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె తప్పు ఏమీ లేదు. పెళ్లిళ్ల ముందు, పండుగల ముందు ఒప్పుకున్న చీరలు దింపాలంటే మనిషికి ఊపిరి ఆడదు. అయితే పక్కన ఉండటం వేరు, మాట్లాడటం వేరు అని ఆమెకు నేను చెప్పే పని లేకుండా ఆ కాగితమే చెప్పింది.

చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగానే ఉంది

మా ఇళ్లలో ఆడవాళ్లు ఆసు పోసేవాళ్లు. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటలు కూర్చుంటే గాని తెమలదు, భుజాలు పడిపోతాయి. తన తల్లి పడే ఆ నొప్పి చూడలేకనే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చాక ఆ గంటలు తగ్గాయి. మిగిలిన సమయం మరో పనికి పోయింది, అది కూడా నిజమే. అందుకే "పిల్లల కోసం విడిగా గంట కేటాయించండి" అని నేను ఎవరికీ చెప్పను. ఉన్న పనిలోనే మాట కలపమంటాను.

కండెలు చుడుతున్నప్పుడు, రంగు అంటకుండా దారానికి చిటికీలు కడుతున్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడు చేస్తున్న పనిని, దాని కారణాన్ని పైకి చెప్పండి. "ఇక్కడ గట్టిగా కడుతున్నాను, లేకపోతే రంగు లోపలికి పోతుంది, పువ్వు చెదిరిపోతుంది." ఈ వాక్యంలో 'లేకపోతే' ఉంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కావలసినవి ఇటువంటి మాటలే: ఎందుకంటే, లేకపోతే, ఒకవేళ, అప్పటిదాకా. రేపు ఆటలో జతగాడిని ఒప్పించడానికి పనికొచ్చేవి కూడా ఇవే.

తర్వాత ప్రశ్న అడగండి. మీకు జవాబు తెలిసిన ప్రశ్న కాదు. "ఇది ఏ రంగు?" అనేది పరీక్ష. "ఈ అంచుకు ఏ రంగు వేస్తే బాగుంటుంది, ఎందుకు?" అనేది మాట. అడిగాక ఆగండి. నేను లోలోపల పది అంకెలు లెక్కపెడతాను. మూడో అంకె దగ్గరే పెద్దవాళ్లు తామే జవాబు చెప్పేస్తారు, ఆరో ఏడో అంకె దగ్గర పిల్లల నోరు తెరుచుకుంటుంది. పాప "ఎర్రది బాగుంది" అంటే, "అవును, ఎర్రది పసుపు పక్కన ఉంటే మెరుస్తుంది, మొన్న అత్తమ్మ చీర లాగా" అని ఆ మాటను సాగదీసి తిరిగి ఇవ్వండి. తప్పు దిద్దనక్కర లేదు.

రాత్రి పడుకున్నాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ రోజు ఎవరు ఏడ్చారు? ఎందుకు ఏడ్చారు?" చాలామంది "ఈ రోజు ఏమి నేర్చుకున్నావు?" అని అడుగుతారు, దానికి "ఏమీ లేదు" అనే జవాబే వస్తుంది. ఎవరు ఏడ్చారంటే మాత్రం కథ మొదలవుతుంది. ఇతరుల బాధకు కారణం వెతకడం పిల్లలకు అలా అలవాటవుతుంది.

పని కూడా ఇవ్వండి. నిజమైన పని. కండెలను రంగుల వారీగా గంపలో సర్దడం, చిక్కుడుకాయలు ఒలవడం, ఎంతమంది తింటున్నారో లెక్కపెట్టి కంచాలు పెట్టడం. పావుగంట చాలు. పాప లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. ఇది ఆటకు మరో రూపంగా ఉండాలి తప్ప ఇంటి కూలి కాకూడదు. రంగులు కాచే చోటికి, రసాయనాల డబ్బాల దగ్గరకు మాత్రం ఏ కారణంతోనూ రానివ్వకండి.

నిద్ర గురించి నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. ఇంట్లో రాత్రి పదకొండు దాకా దీపం, మగ్గం నడుస్తుంటే పిల్ల కూడా మేలుకునే ఉంటుంది. మర్నాడు కేంద్రంలో మొదటి గొడవ ఆ పిల్లదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, మొత్తం మీద మూడు గంటలు ఒంటికి కదలిక ఉండాలి, తెర ముందు కూర్చోవడం గంటకు మించకూడదు. ఫోను గురించి గంటా అరగంటా అని వాదించుకోవడం కంటే, ఆ సమయం దేనిలో నుంచి తగ్గిందో చూడండి. వీధి ఆటలో నుంచి తగ్గితే అదే పెద్ద నష్టం.

బిస్కెట్ ప్యాకెట్‌తో ఒక చిన్న పరీక్ష

ఇది ఇంట్లో చేసి చూడండి. ఖాళీ బిస్కెట్ ప్యాకెట్‌లో పెన్సిళ్లు పెట్టి మూయండి. పిల్లను పిలిచి, లోపల ఏముందని అడగండి. "బిస్కెట్లు" అంటుంది. తెరిచి పెన్సిళ్లు చూపించండి, మళ్లీ మూయండి. ఇప్పుడు అడగండి: "బయట ఉన్న అన్నకు ఇది చూపిస్తే, లోపల ఏముందని అనుకుంటాడు?"

మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది "పెన్సిళ్లు" అంటారు. తమకు తెలిసింది లోకమంతటికీ తెలుసని వాళ్ల నమ్మకం. నాలుగు, నాలుగున్నర దాటాక "బిస్కెట్లు అనుకుంటాడు" అని నవ్వుతారు. ఎదుటి మనిషి మనసులో నా మనసులో లేనిది ఉండవచ్చునని తెలిసిన క్షణం అది. 1980లలో పరిశోధకులు ఇలాంటి పరీక్షలతోనే ఈ మార్పును చూపించారు. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలకు ఈ తెలివి ముందుగా వస్తున్నట్టు కనిపించింది. వాదించుకోవడానికి, దాచుకోవడానికి, ఏమార్చడానికి ఇంట్లోనే జతగాళ్లు ఉన్నారు కదా.

ఈ పరీక్షలో "పెన్సిళ్లు" అన్న పిల్లను తక్కువగా చూడవద్దు. అలాంటి పిల్లను "నువ్వు లాక్కుంటే వాడికి బాధ కలగదా?" అని గద్దించినా ప్రయోజనం లేదని మాత్రం తెలుసుకోండి. "చూడు, వాడి ముఖం ఎలా ఉంది? వాడికి ఆ బండి కావాలి" అని చూపించి చెప్పాలి. ఇంకొన్ని నెలలు ఆడనివ్వాలి.

జతగాళ్లను కూర్చడం ఎలా

పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారని అనుకునే రోజులు కొన్ని వీధుల్లో ఇంకా ఉన్నాయి, కొన్నింట్లో పోయాయి. పోయినచోట పెద్దవాళ్లు పూనుకోక తప్పదు.

ముగ్గురు నుంచి ఐదుగురు సరిపోతారు. ఇద్దరే అయితే అలిగినప్పుడు ఆట ఆగిపోతుంది, మూడోవాడు ఉంటే రాయబారం నడుస్తుంది. అందరూ ఒకే ఈడు వాళ్లు కావాలని పట్టు పట్టకండి. ఏడేళ్ల అక్క ఉంటే ఆటకు నియమాలు వస్తాయి, మూడేళ్ల తమ్ముడు ఉంటే ఐదేళ్ల పిల్ల మొదటిసారి పెద్దదవుతుంది. చిన్నవాడిని ఆటలో ఉంచుతూనే లెక్కలో వేయకుండా 'ఆటలో అరటిపండు' అనే ఏర్పాటు మన పిల్లలు ఎంత అందంగా చేసుకున్నారో ఆలోచించండి! వాడు ఔటవడు, ఏడవడు, చూస్తూ నేర్చుకుంటాడు. ఏడాది తిరిగేసరికి "నేను అరటిపండు కాను, నన్నూ లెక్కపెట్టండి" అని నిలబడతాడు. ఆ మాట విన్న రోజు నేను రిజిస్టరులో రాసుకుంటాను.

సమయం కనీసం గంట ఉండాలి. ఎవరు అమ్మ, ఎవరు పాప, ఎవరు కొట్టువాడు అని తేల్చుకోవడానికే అరగంట పడుతుంది. పెద్దవాళ్లకు అది కాలహరణంగా కనిపిస్తుంది గాని, అసలు చదువు ఆ అరగంటలోనే ఉంది. అరుగు చాలు, పెద్ద మైదానం అక్కర లేదు. సామాను కూడా కొననక్కర లేదు: ఖాళీ కండెలు, చింతగింజలు, కొబ్బరి చిప్పలు, ఒక పాత చీర. కొట్లో కొన్న బొమ్మ వంటసామానులో గరిటె గరిటెగానే ఉంటుంది. కండె ఒకరోజు ఫోను, మరోరోజు పాలసీసా, ఇంకోరోజు బస్సు టిక్కెట్టు. అది ఏమిటో చెప్పి ఒప్పించడానికి మాట కావాలి కాబట్టి నాకు కండెలే ఇష్టం.

1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు పిల్లల ఆటలో మెట్లు గుర్తించారు: ఒంటరిగా ఆడటం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడటం, సామాను పంచుకుంటూ ఆడటం, చివరకు ఒకే లక్ష్యంతో పనులు పంచుకుని ఆడటం. మన గుజ్జనగూళ్లు ఆ చివరి మెట్టు. ఒకరు పొయ్యి, ఒకరు నీళ్లు, ఒకరు వడ్డన. 'వీరీ వీరీ గుమ్మడిపండు' ఆటలో ఎదుట నిలబడ్డది ఎవరో కళ్లు మూసిన పిల్ల చెప్పేదాకా మిగతావాళ్లు నోరు బిగబట్టాలి. ఐదేళ్ల పిల్లకు అది ఎంత కష్టమో, ఆ బిగబట్టడం ఎంత విలువైనదో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. దాగుడుమూతల్లో నాలుగేళ్ల పిల్ల తల దాచుకుని కాళ్లు బయటపెడుతుంది. కాళ్లు కూడా లోపలికి లాక్కున్న రోజున, వెతికేవాడి కళ్లతో తనను చూసుకుందని అర్థం.

గొడవ వచ్చినప్పుడు ఎంతసేపు ఆగాలి

తొలి సంవత్సరాల్లో నేను గొడవ వినపడగానే పరుగెత్తి ఇద్దరినీ చెరోవైపు కూర్చోబెట్టేదాన్ని. అది పొరపాటని నాకు నేర్పింది ఒక మగ్గం ఆట.

రెండు ఇటుకల మధ్య కాళ్లు పెట్టి కూర్చున్న పాప నేత మనిషి. ఎదుట నిలబడ్డ బాబు కూలి ఇచ్చే యజమాని. చీర అంటే నా పాత తువ్వాలు. బాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ దారం తెగింది. కూలి తగ్గిస్తాను" అన్నాడు. ఆ గొంతు, ఆ కనుబొమలు ముడవడం, అంతా పెద్దవాళ్ల దగ్గర చూసిందే. పాప ముఖం కందిపోయింది. "అయితే నేను నేయను, పో" అని లేచింది. బాబు కొయ్యబారిపోయాడు, ఎందుకంటే నేసేవాళ్లు లేకపోతే యజమాని కూడా లేడు. నేను లేవబోయి ఆగాను. కాసేపటికి బాబే, "సరే, దారం అతుకు, మొత్తం ఇస్తాను" అన్నాడు. పాప ఆలోచించి, "దారం నువ్వు పట్టుకో, నేను అతుకుతాను" అన్నది. ఆట సాగింది. నేను పరుగెత్తి ఉంటే ఆ ఒప్పందం పుట్టేది కాదు.

ఇంట్లో మనం వాడే ప్రతి గొంతూ ఆటలోకి వస్తుంది. మీ ఇల్లు పిల్లకు ఏమి నేర్పుతున్నదో తెలుసుకోవాలంటే, కనపడకుండా కూర్చుని ఒక సాయంత్రం అమ్మానాన్న ఆట వినండి. ఇంతకంటే మంచి అద్దం నాకు తెలియదు.

అయితే మూడు సందర్భాల్లో ఆగవద్దు. దెబ్బ తగిలేలా కొట్టుకుంటున్నప్పుడు, అందరూ కలిసి ఒక్కరి మీద పడినప్పుడు, ఒకే పిల్లను రోజుల తరబడి ఆటలోకి రానివ్వనప్పుడు. వెళ్లినా తీర్పు చెప్పకండి. ముందు ఒకరిని, "నువ్వు ఏమన్నావు?" తర్వాత రెండోవారిని, "తను ఏమన్నది, నీకు ఏమి వినిపించింది?" చివరకు ఇద్దరినీ, "ఇప్పుడు ఏమి చేద్దాం?" అని అడగండి. నెల రోజులు ఇలా అడిగితే, మీరు లేనప్పుడు వాళ్లే ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడుగుతారు.

మూడో సందర్భం గురించి ఒక మాట చెప్పాలి, చెప్పకుండా ఉండలేను. ఒకరోజు భోజనాల వేళ ఒక పాప, పక్కన కూర్చున్న పిల్ల దగ్గర నుంచి కంచం తీసుకుని దూరంగా జరిగింది. ఎందుకని అడిగితే, "మా నానమ్మ వాళ్లతో తినవద్దన్నది" అన్నది. ఐదేళ్ల నోట్లో కులం. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఆ పెద్దావిడతో, "అమ్మా, మీ మనవరాలికి ఈ ఊళ్లో తన ఈడు ఆడపిల్లలు నలుగురే ఉన్నారు. అందులో ఒకరిని మీరు తీసేశారు" అన్నాను. ఆమె జవాబు ఇవ్వలేదు. మర్నాటి నుంచి నేను కంచాల కింద రంగు కాగితాలు పెట్టి, ఎవరికి ఏ రంగు వస్తే అక్కడ కూర్చునేలా చేశాను. రెండు వారాల్లో ఆ ఇద్దరూ ఒకే కండె కోసం కొట్టుకుంటున్నారు, ఒకే చెట్టు కింద నవ్వుకుంటున్నారు. పిల్లల ముందు మనం ఏమి అంటున్నామో జాగ్రత్త. వాళ్లు దాన్ని నియమంగా తీసుకుంటారు.

వీధి లేని పిల్లలకు

మా ఊరి అమ్మాయి ఒకరు హైదరాబాదులో అపార్ట్‌మెంటులో ఉంటుంది. ఒక్కడే కొడుకు, నాలుగున్నరేళ్లు. తాతయ్య, నానమ్మ ప్రాణం పెడతారు. "పిన్నీ, వాడు బయటి పిల్లలతో రెండు నిమిషాలు ఆడి ఏడుస్తూ వచ్చేస్తాడు" అని ఫోను చేసింది. ఇంట్లో ఏ ఆట ఆడతాడని అడిగాను. అష్టాచెమ్మా ఆడుతున్నారట, తాతయ్య ప్రతిసారీ ఓడిపోతున్నారట. "తాతయ్యగారిని మూడు ఆటల్లో ఒకటి గెలవమను. ఓడినప్పుడు వాడు ఏడిస్తే ఆట మార్చవద్దు, పక్కన కూర్చుని 'మళ్లీ వేద్దామా' అనమను" అన్నాను. దాంతో పాటు, అదే అంతస్తులో ఉన్న ఒక్క పిల్లను వారానికి మూడు రోజులు ఇంటికి పిలవమన్నాను. కింద పార్కులో పదిహేను మంది కొత్తవాళ్ల మధ్య వదిలితే ఈ పిల్లలు బెదురుతారు. ముందు ఒకరు, తర్వాత ముగ్గురు.

ఆటలో చేరకుండా గోడకు ఆనుకుని నిలబడే పిల్లలకు నేను వాడే ఉపాయం మరొకటి ఉంది. వాళ్లకంటే ఏడాది చిన్న పిల్లను జత చేస్తాను. 1979లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో కూడా, ఒంటరిగా ఉండే పిల్లలు తమకంటే చిన్నవాళ్లతో కొన్నాళ్లు ఆడాక మిగతావాళ్లతో బాగా కలిశారు. చిన్నవాళ్ల ముందు నాయకత్వం దొరుకుతుంది, ఓటమి భయం ఉండదు.

నాలుగున్నర దాటినా నాలుగైదు మాటల వాక్యం రాకపోతే, బయటివాళ్లకు మాట అర్థం కాకపోతే, పిలిస్తే తిరగకపోతే, ఏ పిల్లల వైపూ చూపు పోకపోతే మాత్రం ఈ చిట్కాలతో కాలయాపన చేయవద్దు. వినికిడి పరీక్ష ముందు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను చూడాలి. అవసరమైతే జిల్లా స్థాయి వైద్య కేంద్రానికి పంపుతారు. మీ టీచరును ఆ తేదీ అడగండి.

ఇక బడికి పంపే ముందు చేయవలసిన పని ఒకటుంది. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అంటున్నది. జూన్‌లో బడి తెరుస్తారు. ఏప్రిల్‌లోనే మీ పిల్లతో పాటు అదే తరగతిలో చేరబోయేవాళ్లు ఎవరో కనుక్కోండి. వాళ్లలో ఇద్దరిని వేసవి సెలవుల్లో మీ అరుగు మీదికి పిలవండి. ఎండ తగ్గాక, ఐదు గంటలకు. ఒక గంప కండెలు, ఒక పాత చీర ఇచ్చి, మీరు పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. బడి గేటు దగ్గర మీ చెయ్యి వదిలాక, లోపల పట్టుకోవడానికి తెలిసిన చెయ్యి ఒకటి ఉంటుంది.